పన్నెండుకి పన్నెండు

ఆ వానాకాలమంతా నాకు భయంతోనే తెల్లారేది. రోడ్డు వెడల్పు చేస్తామని కొండవాలు తవ్వి వదిలేశారు. ఒకపక్క ఎర్రమట్టి గోడ, ఇంకోపక్క గొయ్యి, మధ్యలో అడుగేస్తే జారిపోయే బురద. దాని మీద లారీలూ బస్సులూ ఎప్పటిలాగే పరుగులు తీసేవి. ఆ రోడ్డు చివరున్న ఒక్కగానొక్క ఆసుపత్రి మాది. దెబ్బలు తగిలినవాళ్లని తీసుకొచ్చే గుమ్మం దగ్గర నర్సుగా నా డ్యూటీ.

మాకున్నది ఒక్క ఆపరేషన్ గది, ఒక్క సర్జన్. ఒకేసారి పదిమంది వస్తే ఎవర్ని ముందు లోపలికి తీసుకెళ్లాలి? అంతకుముందైతే గట్టిగా అరిచినవాళ్లకీ, వెంట చుట్టాలెక్కువ ఉన్నవాళ్లకీ ముందు వంతు దొరికేది. ఆ ఏడు సర్జన్ మేడమ్ మార్కుల పద్ధతి పెట్టారు. ఊపిరికి నాలుగు, రక్తపోటుకి నాలుగు, తెలివికి నాలుగు. మొత్తం పన్నెండు. పన్నెండూ వస్తే మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ కట్టి పక్క హాల్లో కూర్చోబెట్టాలి. పదకొండైతే పసుపు. పదీ, అంతకన్నా తక్కువైతే ఎర్రపట్టీ కట్టి నేరుగా లోపలికి పంపాలి. ఈ బడిలో మార్కులు తక్కువొచ్చినవాళ్లకే ముందు బెంచీ అని మాలో మేం నవ్వుకునేవాళ్లం. ఆ మార్కులు వేసే పని నా నెత్తిన పడేదాకా నేనూ నవ్వాను.

రక్తం చూస్తే నాకు భయం లేదు. తేల్చి చెప్పాలంటేనే భయం. చెప్పుల కొట్లో రెండు జతలు ముందు పెడితే ఏదీ తేల్చుకోలేక వట్టి కాళ్లతో తిరిగొచ్చే రకాన్ని. అలాంటిదాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, వీడు ముందు, వాడు తరవాత అని చెప్పమన్నారు.

మొదట్లోనే నా గుండె చెదిరిపోయే సంగతి ఒకటి జరిగింది. ఇసుక లారీ బోల్తా పడితే దాని డ్రైవరు తనంతట తనే నడిచొచ్చాడు. అన్నీ చూసి, పన్నెండు వేసి, ఆకుపచ్చ పట్టీ కట్టాను.

"ఎన్నొచ్చాయి సిస్టర్?" అనడిగాడు.

"పన్నెండుకి పన్నెండు."

"చూశారా! బళ్లో ఒక్కసారి కూడా రాలేదు," అని నవ్వుతూ హాల్లోకి వెళ్లాడు.

అక్కడ కూర్చుని మాటిమాటికీ మంచినీళ్లు అడిగాడు. ఆపరేషన్ అవసరం పడుతుందో ఏమో, ఎవరికీ నీళ్లు ఇవ్వకూడదు. "ఆగు బాబూ, కాసేపు ఆగు" అంటూ అటూ ఇటూ తిరిగాను. ఆఖరిసారి వెళ్లేసరికి గోడకి ఆనుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని నేను దుప్పటి కూడా కప్పాను. చెయ్యి తగిలాకగానీ నాకు తెలియలేదు.

"లోపల రక్తం కారి ఉంటుంది," అన్నారు మేడమ్. "నువ్వు వేసిన మార్కులు తప్పు కాదు. కానీ అవి ఆ నిమిషానివే. హాల్లో కూర్చున్నవాళ్లకి కూడా మళ్లీ మళ్లీ వెయ్యాలి."

మళ్లీ మళ్లీ వేశాను. అంతటితో ఊరుకోలేకపోయాను. ఆ మర్నాటినుంచి ఎవరి మొహం చూసినా ఆ డ్రైవరే కనిపించేవాడు. ముంజేయి గీరుకున్నవాడికీ, కాలు బెణికినవాడికీ ఎర్రపట్టీలు కట్టేశాను. ఒకరోజు ఆపరేషన్ గది ముందు ఎర్రపట్టీల వాళ్లు బారులు తీరి కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. అది చూసి మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందరికీ ఎర్రది కడితే ఎవరికీ కట్టనట్టే సిస్టర్! నిజంగా పోతున్నవాణ్ణి నేను వీళ్లలో ఎక్కడని వెతకాలి?"

"భయమేసింది మేడమ్."

"నాకూ వేస్తుంది. ఇకనుంచి రంగు మార్చాలంటే మార్కు చూపించు. నీ భయం చూపించకు."

అందరి ముందూ అన్నారు. అప్పటినుంచి భయం కడుపులో దాచుకుని, కాగితం మీద ఏముంటే ఆ రంగే కట్టాను.

ఇంటికొస్తే అత్తయ్య. ఆవిడ ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసింది. ఉద్యోగం అయిపోయినా గొంతు మాత్రం డ్యూటీ దిగలేదు. వెనక తలుపు దగ్గర నిలబడి ముందున్న డ్రైవరుకి వినిపించేలా అరిచిన గొంతుకి మా మూడుగదుల ఇల్లు ఏం సరిపోతుంది? వంటింట్లో నేను అడ్డొస్తే "దారిలో నిలబడకు, లోపలికి జరుగు!" అనేది. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఏమే పిరికిదానా" అనే పిలుపు. గడియారాలు బాగుచేసే మా ఆయన, అమ్మ మాటల్లోనూ నా మాటల్లోనూ తలదూర్చకుండా, కంటికి అద్దం బిగించుకుని ఏదో ఒక పళ్లచక్రం వైపు చూస్తూ ఉండేవాడు.

ఆవిడకి ఒకరిని ఏదైనా అడగడమంటే చిన్నతనం. జ్వరమొచ్చినా "నాకేం, గుండులా ఉన్నాను" అనేది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిస్తే "నాకు చేతుల్లేవా?" అని లేచి వెళ్లి ఇంకో గ్లాసు తనే ముంచుకునేది. ఒక్క విషయంలో మాత్రం నా మాట వినేది. పొద్దున్నే బల్ల మీద చెయ్యి పెట్టి నా చేత బీపీ చూపించుకునేది. అది కూడా నా మీద దయతలచినట్టు.

"నూట డెబ్బై రెండు," అన్నాను ఆ రోజు. "మందు వేసుకుంటున్నా దిగడం లేదు అత్తయ్యా. నాడి మాత్రం నెమ్మదిగానే ఉంది, ఆ గుండె మాత్ర పనిచేస్తోంది."

"రోజూ పాడిన పాటే పాడతావు. అది సరేగానీ, మీ ఆసుపత్రి లెక్కలో నాకెన్ని మార్కులే?"

"పన్నెండుకి పన్నెండు."

"ఓరి నాయనో! కోడలి చేత ఫుల్ మార్కులు వేయించుకున్న అత్తగారు ఎక్కడైనా ఉందట్రా?" అని కొడుకు వైపు తిరిగింది. ఆయన అద్దం తియ్యకుండానే నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. గొడుగు తలుపు దగ్గర పెట్టి ఉంది. డిపోకి వెళ్లి పాత స్నేహితులతో టీ తాగొచ్చే రోజు అది.

"ఇంత వానలో ఆ రోడ్డు మీద వద్దు అత్తయ్యా. నా మాట వినండి."

"ముప్పయ్యేళ్లు మోసిన బస్సు ఇప్పుడు నన్ను పడేస్తుందటే? కప్ప గెంతితే జడుసుకునే మొహమూ నువ్వూనూ! జరుగు, జరుగు."

నేను ముందే బయల్దేరి డ్యూటీకి వచ్చేశాను. వాన తెరిపివ్వలేదు. పొద్దు ఇంకా నడినెత్తికి రాకముందే ఫోను మోగింది. బస్సు గోతిలోకి ఒరిగిపోయిందన్నారు. ఏ బస్సు అని అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం. పట్టీల డబ్బా, కాగితాలు, బీపీ మిషన్ సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మొదటి అంబులెన్సులో ఒక తాపీమేస్త్రి వచ్చాడు. బస్సులో వెళ్తున్నవాడు కాదు, గోతిలో పనిచేస్తున్నవాడు. కాలు బస్సు కింద నలిగింది. తొడకి ఎవరో తువ్వాలు బిగించి కట్టారు. రక్తపోటు పడిపోయింది, పిలిస్తే పలకడం లేదు. ఎర్రపట్టీ. తరవాత వరసగా వచ్చారు. పసుపు, ఆకుపచ్చ, ఆకుపచ్చ, పసుపు. నేను మొహాలు చూడలేదు. ఊపిరి లెక్కపెట్టి, చేతికి మిషన్ చుట్టి, రెండు మాటలు మాట్లాడించి, మార్కు వేసి పంపుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఆ కండక్టరమ్మ లేకపోతే మా పని అయిపోయేది," అంటోంది ఒకామె పక్కనున్నామెతో. "అద్దం పగలగొట్టించి ఒక్కొక్కర్నీ బయటికి దింపింది. ఆ మేస్త్రి కాలికి కట్టు కట్టించిందీ ఆవిడే. ఏం గొంతమ్మా!"

నా పైప్రాణాలు పైనే పోయాయి.

అందరికన్నా ఆఖర్న, వానలో తడుస్తూ, ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని అత్తయ్య నడిచొచ్చింది. గొడుగు లేదు. ఒంటి నిండా మట్టి. కానీ నిటారుగా నడుస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎదురెళ్లబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"ముందు ఈ పిల్లని చూడు తల్లీ. వాళ్లమ్మ ముందొచ్చిన బండిలో ఉంది."

పిల్లని చూశాను, వాళ్లమ్మ దగ్గరికి పంపాను. అప్పుడు అత్తయ్య చేతికి మిషన్ చుట్టాను. నా చుట్టాన్ని ముందు చూసుకున్నానని ఎవరూ అనకూడదు. ఎర్రది కట్టానంటే ఇక ఎవరూ ఊరుకోరు. ఊపిరి మామూలుగానే ఉంది. రక్తపోటు నూట ఇరవై నాలుగు. కాగితంలో తొంభై కన్నా కిందికి దిగితేగానీ మార్కు తగ్గదు. మాట స్పష్టంగా ఉంది, అడిగినవాటికి జవాబు చెబుతోంది. పన్నెండుకి పన్నెండు. ఆకుపచ్చ పట్టీ నా చేత్తో నేనే కట్టాను.

"నొప్పేమైనా ఉందా అత్తయ్యా?"

"ఏం లేదమ్మా. నువ్వు నీ పని చూసుకో."

హాల్లో బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. పసుపుపట్టీల వాళ్ల పని ఇంకా తెమలలేదు. అయినా నా కళ్లు హాల్లోకే పోతున్నాయి. హాల్లో అందరూ బాగానే ఉన్నారు, అత్తయ్య బాగానే ఉంది, మరి నాకీ దడేమిటి? ఇది నా పాత జబ్బే అనుకున్నాను. పేపరు చదువుకున్నాయనకి ఎర్రపట్టీ కట్టించిన జబ్బు.

కాసేపటికి మార్కులు మళ్లీ వెయ్యడానికి హాల్లోకి వెళ్లాను. అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుంది. రక్తపోటు నూట ఎనిమిది. నాడి ఇంట్లో ఉన్నట్టే నెమ్మదిగా ఉంది. మార్కు మారలేదు. పన్నెండే. కాగితం మీద రాసుకుని పక్కామె దగ్గరికి జరిగాను.

వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"కాస్త మంచినీళ్లు ఇస్తావా తల్లీ?"

నా చేతిలో పక్కామె చెయ్యి అలాగే ఉండిపోయింది. పెళ్లయి ఆ ఇంటికొచ్చాక అత్తయ్య నన్ను మంచినీళ్లు అడగలేదు. నన్నే కాదు, ఎవర్నీ అడగలేదు. గుమ్మం దగ్గర "తల్లీ" అంది. తరవాత "అమ్మా" అంది. పొద్దున నేను వద్దన్న రోడ్డు మీదే బస్సు పడితే, నా మీద ఒంటికాలి మీద లేవాల్సిన మనిషి "నీ నోటి మాటే తగిలిందే" అని ఒక్క మాటైనా అనలేదు. తడిసి ముద్దయి, మట్టి కొట్టుకుని, అంతమందిలో కూర్చుని నెమ్మదిగా నీళ్లడుగుతోంది.

అప్పుడు నూట డెబ్బై రెండు గుర్తొచ్చింది. పొద్దున నేనే చూశాను. నూట డెబ్బై రెండు, నూట ఇరవై నాలుగు, నూట ఎనిమిది. ఇంకొకరికైతే మంచి లెక్కే. ఈ మనిషికి కాదు. రక్తం పోతే పరిగెత్తాల్సిన నాడిని గుండె మాత్ర పరిగెత్తనివ్వడం లేదు.

ఆపరేషన్ గది వైపు వెళ్లాను. మేడమ్ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. తాపీమేస్త్రిని తలుపు దగ్గరికి తెచ్చేశారు. రక్తం ఎక్కిస్తున్నారు, కళ్లు తెరిచాడు.

"మేడమ్, హాల్లో ఒకావిడకి ఎర్రది కట్టాలి."

"మార్కులెన్ని?"

"పన్నెండు."

ఆవిడ నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు.

"ఆవిడ నీకేమవుతుంది?"

"మా అత్తగారు."

మేస్త్రి తల దగ్గర నిలబడ్డ అతని భార్య కూడా నావైపు తిరిగింది. రక్తపోటు సంగతి చెప్పాలి, మాత్ర సంగతి చెప్పాలి. నోటికొచ్చింది ఒక్కటే మాట.

"మేడమ్, ఆవిడ నన్ను తిట్టలేదు."

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కుళాయి కట్టేశారు.

"రోజూ తిడతారా?"

"నోరు తెరిస్తే తిట్టే మేడమ్. ఇవాళ తల్లీ అంటున్నారు. నీళ్లు అడిగారు. ఇంట్లో బీపీ నూట డెబ్బై ఉంటుంది, ఇప్పుడు నూట ఎనిమిది. గుండె మాత్ర వేసుకుంటారు, నాడి చూసి ఏమీ చెప్పలేం." మిగతాదంతా ఒక్క ఊపిరిలో వచ్చేసింది.

మేడమ్ నా కన్నా ముందే నడిచారు. బెంచీ దగ్గర వంగి, అత్తయ్య ఎడమ పక్కటెముకల కింద చేత్తో నొక్కారు. అత్తయ్య అరవలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. స్కానింగ్ మిషన్ తెచ్చి పెడితే కడుపు నిండా రక్తం నల్లగా కనిపించింది.

"ప్లీహం చిట్లింది. ఈవిడ నడిచొచ్చిందా?"

"పిల్లని కూడా తీసుకొచ్చారు."

మేడమ్ ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచారు. "మేస్త్రి కాలికి కట్టు బిగువుగా ఉంది, రక్తం ఆగింది. గంట ఆగగలడు. ఈవిడకి అంత టైం లేదు. ముందు ఈవిణ్ణి తీసుకురండి. నువ్వు లోపలికి రావద్దు. మేస్త్రి దగ్గర ఉండు. మార్కు ఒక్కటి తగ్గినా తలుపు కొట్టు."

స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే ఆకుపచ్చ పట్టీ కత్తిరించి ఎర్రది కట్టాను. ముడి పడడానికి చాలాసేపు పట్టింది. "అంతా బాగానే ఉంది కదమ్మా," అంది అత్తయ్య మెల్లిగా. ఆ మెల్లిదనానికి నా గుండె జారిపోయింది.

తలుపు మూసుకుంది. మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆ గంటలో ఎంత భయపడ్డానో నేను ఎవరికీ చెప్పలేదు. లోపలున్న మనిషి కోసం కాదు, బయటున్న మనిషి కోసం. అత్తయ్య నా చేతుల్లోంచి వెళ్లిపోయింది. ఇతను నా చేతుల్లో ఉన్నాడు. నా నోటి మాట వల్ల ఇతని వంతు వెనక్కి పోయింది. ఊపిరి లెక్కపెట్టాను, బీపీ చూశాను, కాలి వేళ్లు తడిమాను. చల్లగా ఉన్నాయి. మళ్లీ చూశాను. ఇంకా చల్లగా ఉన్నట్టనిపించింది.

"లోపలికెళ్లినావిడ మీ అత్తగారంట కదా," అంది భార్య. కోపంగా అనలేదు, అందుకే మరీ భయమేసింది.

"అవునమ్మా."

"మా ఆయన కాలికి కట్టు కట్టించినావిడేనా?"

"ఆవిడే."

ఆమె మొగుడి నుదురు తుడుస్తూ కూర్చుంది. నేను మళ్లీ బీపీ మిషన్ చుట్టాను.

మా ఆయన ఎప్పుడొచ్చాడో చూడలేదు. వరండా చివర, చొక్కా తడిసి, చేతిలో అత్తయ్య గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. దారిలో బస్సు దగ్గర దొరికిందట. "అమ్మ?" అన్నాడు. లోపల ఉందన్నట్టు తలుపు చూపించాను. ఆయన వచ్చి గోడ పక్కన కింద కూర్చున్నాడు. గొడుగు మడత విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. "బతికింది. తరవాతి మనిషిని తీసుకురండి," అన్నారు మేడమ్. మేస్త్రిని లోపలికి నెట్టాకగానీ నేను గోడ పట్టుకోలేదు. అతని కాలు దక్కింది. కాస్త ఈడుస్తూ నడుస్తాడు. ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే నేనే ముందు చూపు తిప్పుకుంటాను, అతను మాత్రం పలకరిస్తాడు.

స్పృహ వచ్చాక అత్తయ్య రెండు రోజులు కళ్లతోనే మాట్లాడింది. ఏమడిగినా తల ఊపింది. నేను మంచం పక్కనుంచి కదల్లేదు, కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. మూడోరోజు దుప్పటి సర్దుతుంటే గొంతు పెగిలింది.

"ఏమే పిరికిదానా. గాలాడనివ్వవా? లోపలికి జరుగు."

నేను వార్డులో అందరి ముందూ భోరున ఏడ్చాను. "ఇప్పుడేమన్నానని?" అంది అత్తయ్య, కొడుకు వైపు చూసి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

వానలు వెనకబట్టేసరికి ఇంటికి తీసుకొచ్చాం. తను ఎలా బతికిందో మా ఆయన ఆవిడకి చెప్పేశాడు. "తిట్టకపోతే చచ్చిపోతున్నట్టటే? అయితే ఇక నా నోటికి సెలవే లేదన్నమాట," అని మొదలుపెట్టింది. నాకూ అదే హాయిగా ఉండేది. వంటింట్లోంచి కేకలు వినిపిస్తున్నంతసేపూ నిశ్చింతగా బట్టలు మడతపెట్టుకునేదాన్ని. కేకలు ఆగితే మడత మధ్యలో వదిలేసి వెళ్లి తొంగిచూసేదాన్ని.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాను. ఆ రోజు రోడ్డు మీద ఒక కారు, ఒక మోటారుసైకిలు గుద్దుకున్నాయి. ఎర్రపట్టీ కట్టినవాడు దక్కలేదు. చెప్పులు విప్పడానికి కూడా ఓపిక లేక గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య నా మొహం చూసింది.

"బాగా అలసిపోయావమ్మా. కూర్చో, టీ పెట్టి ఇస్తాను."

చేతిలో సంచీ అక్కడే పడేసి, తడి కాళ్లతో లోపలికి పరిగెత్తి బీపీ మిషన్ తెచ్చాను. అత్తయ్య ఏదో అనబోయి నా చేతులు చూసింది. అవి వణుకుతున్నాయి. కుర్చీలో కూర్చుని చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

పట్టీ చుట్టాను, గాలి కొట్టాను. ఆయన కంటి అద్దం తీసి మావైపు చూస్తున్నాడు.

"ఎంత?" అంది.

"నూట డెబ్బై నాలుగు."

"చాలా?"

"చాలు అత్తయ్యా."

ఆవిడ పట్టీ తనే విప్పుకుని, మడిచి నా చేతిలో పెట్టింది.

"అయితే కూర్చో తల్లీ," అని టీ పెట్టడానికి లేచింది.